నా పేరు మీద విడుదలైన పందొమ్మిదో లాటు

కంప్యూటర్ తెర మీద నా పేరు కింద ఒక వరుస ఉంది. నిన్న సాయంత్రం 5.40, ఎనిమిది లాట్లు విడుదల, పరీక్ష చేసినవారు అని రాసి, ఎదురుగా మళ్ళీ నా పేరు.

నిన్న సాయంత్రం ఐదూ నలభైకి నేను మా ఇంటి వరండాలో కూర్చుని ఉన్నాను. ఐదు నెలల పిల్లాడికి ఉగ్గుగిన్నెతో పాలు తాగడం అలవాటు చెయ్యాలని చూస్తున్నాను. వాడు ఉమ్మేసిన పాలు భుజం మీద నుంచి తుడుచుకుంటున్నాను. ఆరు నెలల ప్రసూతి సెలవు తరవాత ఇవాళే మొదటిసారి ఆఫీసుకి వచ్చాను. లాగిన్ అయి ఇంకా రెండు నిమిషాలు కాలేదు.

మొదటిసారి చదివినప్పుడు భయం వెయ్యలేదు. ఏదో పొరపాటు అనుకున్నాను. రెండోసారి చదువుతూ లాటు నెంబర్ల దగ్గర ఆగాను. చివరిది పందొమ్మిది. దాని పక్కన ఎర్రటి చిన్న త్రికోణం ఉంది. దాన్ని నొక్కితే ఇంకో గడి తెరుచుకుంది. గ్యాసులో మూడో రోజు. గడువు ఏడు రోజులు. గడువుకి ముందే విడుదల చెయ్యడానికి కారణం రాయండి. ఆ కింద ఎవరో "ఓకే" అని రాశారు.

నా చెయ్యి మౌసు మీదే ఉండిపోయింది. ఆ క్షణాన్ని ఇప్పటికీ మరిచిపోలేకపోతున్నాను. పిల్లలిద్దరూ పడుకున్నాక వంటింటి గట్టు మీద నోటుపుస్తకం పెట్టుకుని రాస్తుంటే కూడా ఆ "ఓకే" కళ్ళముందు కనిపిస్తోంది.

నేను పనిచేసేది కోటబొమ్మాళిలో ఒక షావుకారి కంపెనీలో. వేరుశనగ, కంది, మినుము రైతుల దగ్గర కొని, శుభ్రం చేసి, బస్తాలకెత్తి అమ్ముతారు. నేను కెమిస్ట్రీతో డిగ్రీ చేశాను. గింజల్లో తేమ ఎంత ఉంది, పురుగు ఉందా లేదా చూడటం నా పని. ఒకేసారి కొన్న బస్తాల గుంపుని లాటు అంటారు; పురుగు ఉంటే ఆ లాటు మొత్తం మీద పెద్ద పట్టా కప్పి, మధ్యలో బిళ్ళల సంచులు పెడతారు. ఆ బిళ్ళల్లోంచి వచ్చే గ్యాసు పురుగుని చంపుతుంది. మనిషినీ చంపుతుంది. అందుకే వారం రోజులు పట్టా కదపకూడదు. తీశాక సంచులు లెక్కపెట్టి బయటికి తియ్యాలి, బస్తాలకి గాలి తగలనివ్వాలి. అప్పుడు నేను మీటరు పట్టుకుని చుట్టూ తిరిగి చూస్తాను. సున్నా వస్తే సాఫ్ట్‌వేర్‌లో విడుదల అనే బొత్తాం నొక్కుతాను. ఆ బొత్తాం నా లాగిన్‌లోనే కనిపిస్తుంది. నేను సెలవులో ఉన్నన్నాళ్ళూ విజయనగరం నుంచి వారానికి రెండుసార్లు వచ్చే కెమిస్టుకి కూడా ఇచ్చారు. బొత్తాం నొక్కితే చీటీ వస్తుంది. చీటీ చూస్తేనే కళాసీలు బస్తా ఎత్తుతారు.

పక్క బల్ల దగ్గర సరుకు పంపించే గుమస్తా ఉన్నారు. ఇరవై ఏళ్ళుగా షావుకారి దగ్గరే ఉన్న పెద్దాయన. బాబాయ్ అని పిలుస్తాను. అంతకు కాసేపటి క్రితమే, "వచ్చీసావేటమ్మా, నువ్వు లేక ఆపీసు బోడిగా ఉన్నాది" అని నవ్వారు.

"బాబాయ్, పందొమ్మిదో లాటు ఎక్కడుంది?"

"ఎల్లిపోనాదమ్మా. నిన్న సాయంత్రమే. పాతపట్నం."

"ఎవరు విడుదల చేశారు?"

ఆయన కళ్ళజోడు పైకి నెట్టుకుని నన్ను చూశారు. "నువ్వే కదా."

"నేను ఇవాళే కదా వచ్చాను."

"అదే, నీ తెర మీద నాను నొక్కాను. రోజూ పొద్దున్న షావుకారు నీ పేరు మీదే కదా తెరుస్తారు. తెరిసింది తెరిసినట్టే ఉంటాది."

ఇక్కడ నా సంగతి చెప్పాలి. చెప్పకపోతే ఆయన ఒక్కరే తప్పు చేసినట్టు ఉంటుంది.

మూడేళ్ళ క్రితం ఈ సాఫ్ట్‌వేర్ పెట్టినప్పుడు పంచాంగం చూసి మంచి సమయానికి మొదటి లాగిన్ నా చేత చేయించారు. టైపు చెయ్యడం తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. ఆ మధ్యాహ్నమే ఎన్నాళ్ళుగానో తిరుగుతున్న పెద్ద ఆర్డరు ఒకటి ఖాయమైంది. షావుకారు నా చేతిని చూసి, "మంచి చెయ్యమ్మా నీది" అన్నారు. అప్పట్నుంచి రోజూ ముందు నా పేరు మీద తెరవాలి, తరవాతే మిగతావాళ్ళు. కొట్టుకి బోణీ ఎలాగో కంప్యూటర్‌కి నా లాగిన్ అలాగ. శుక్రవారం కీబోర్డుకి కుంకుమ బొట్టు కూడా పెట్టేవారు. నేను పైకి నవ్వేదాన్ని గానీ లోపల సంతోషంగానే ఉండేది. మా ఇంట్లో నా చేతిని ఎవరూ అలా మెచ్చుకోలేదు.

సెలవు మీద వెళ్తున్న రోజు, బోణీ ఆగిపోకూడదని అడిగితే పాస్‌వర్డ్ కాగితం మీద రాసి ఇచ్చాను. పొద్దున్న తెరిచి వెంటనే మూసేస్తారనుకున్నాను. కొన్నాళ్ళకి దాని గడువు అయిపోయింది. పిల్లాడి పురుడు నాడు షావుకారి భార్య చీర, పళ్ళు పట్టుకుని వచ్చి, "కంప్యూటర్ నీ పేరు తీసుకోడం లేదటమ్మా, ఆయన రెండ్రోజుల్నుంచి అన్నం సరిగ్గా తినడం లేదు" అంది. పిల్లాడు ఒళ్ళో ఉండగానే నా ఫోన్‌కి వచ్చిన ఓటీపీ ఆవిడకి చదివి వినిపించాను. ఆవిడ ఆఫీసుకి ఫోన్ చేసి చెప్పింది. పురుటికి వచ్చినవాళ్ళ ముందు ఆ పని చేస్తుంటే నాకు కొంచెం గొప్పగా కూడా అనిపించింది.

"కెమిస్టుగారు ఏం చెప్పారు బాబాయ్?"

"ఏడు లాట్లు బాగున్నాయని ఫోన్లో సెప్పారు. ఆయన వచ్చి నొక్కీదాకా బండి ఆగదు కదా. నీ తెర మీద ఆ బొత్తాం ఉన్నాది. ఆరు నెల్లుగా అలగే నొక్కుతున్నాను, ఏటీ అవలేదు. నిన్న ఒక్కోటీ నొక్కడం దేనికని పైనున్న గడి నొక్కాను. అన్నిటికీ టిక్కు పడిపోనాది. ఎనిమిదోది కూడా పడిపోనాదేటి?"

"కింద ఎర్రగా అడగలేదా?"

"అడిగింది. ఓకే అని రాసీసాను. ఏదడిగినా ఓకే అని రాస్తే ఎల్లిపోతాదని మొదట్లో నువ్వే కదమ్మా సెప్పావు."

చెప్పాను. నిజమే. అది బండి నెంబరు రాసే చోట అడిగే ఇంకేదో ప్రశ్నకి. చెప్పింది నేనే.

గోదాములోకి పరిగెత్తాను. పందొమ్మిది అని సుద్దముక్కతో రాసిన చోటు ఖాళీగా ఉంది. పట్టా మడత పెట్టి గోడకి ఆనించి ఉంది. కళాసీ మేస్త్రి గుమ్మం దగ్గర కూర్చుని చుట్ట కాలుస్తున్నాడు.

"ఏటమ్మా, రాగానే పరుగులు. ఆరు నెల్లు కూకుని తిన్నావు, ఆయాసం వస్తాది."

"పట్టా తీసినప్పుడు వాసన రాలేదా?"

అతను చుట్ట నోట్లోంచి తీశాడు. "వచ్చింది. ఎల్లుల్లి కుళ్ళినట్టు. మావోడొకడు తలనొప్పి అని ఎల్లిపోనాడు."

"మరెందుకు ఎత్తారు?"

"చీటీ మీద నీ పేరున్నాది. ఆ ఇజీనారం బాబు పేరుంటే ఓపాలి అడుగుదును. నీ పేరుంటే మేం అడగం."

"బిళ్ళల సంచులు ఎన్ని తీశారు?"

"అయిదు."

సాఫ్ట్‌వేర్‌లో ఆరు పెట్టినట్టు ఉంది. మేస్త్రి లేచి నిలబడ్డాడు. అతని చేతిలో చుట్ట కింద పడిపోయింది. ఎవరూ దాన్ని తియ్యలేదు. ఆరోది బస్తాల మధ్యే ఉండిపోయి, వాటితో పాటే పాతపట్నం వెళ్ళిపోయిందని ఇద్దరికీ ఒకేసారి అర్థమైంది.

ఆ పన్నెండు బస్తాలు కొన్నది పాతపట్నంలో ఇంట్లోనే పల్లీ చిక్కీలు చేసి కొట్లకి వేసే ఒక ఆవిడ. చీటీ మీద ఉన్న నెంబరుకి ఫోన్ చేశాను. ఆ ఊరు ఒడిశా పక్కనే ఉండటంతో ఫోన్లు అప్పుడప్పుడూ అటువైపు టవరు పట్టుకుంటాయి. రికార్డు చేసిన ఆడగొంతు ఒకటి ఒడియాలో ఏదో చెప్పి ఆగిపోయింది. మళ్ళీ చేశాను. మళ్ళీ అదే గొంతు, అంతే మెల్లగా, అంతే మర్యాదగా. నాలుగోసారి కూడా అదే విన్నాక బండి డ్రైవరుకి చేశాను.

"బస్తాలు ఎక్కడ దింపావు?"

"ఆవిడింట్లోనే. వాకిట్లో దింపుదునంటే వాన వచ్చీలాగుంది లోపలెయ్యమన్నాది. లోపలగదిలో, మంచం పక్కన వరసగా పేర్చాం. ఏటమ్మా, తగ్గినాయేటి?"

"ఇంట్లో ఎవరెవరున్నారు?"

"ఆవిడ, ముసల్ది, గుంటలిద్దరు, సిన్నపిల్లలు. ఆ గుంటలు బస్తాలెక్కి దూకుతుంటే ముసల్ది కేకలేసింది."

మంచం పక్కన అన్న మాటే నా చెవిలో ఉండిపోయింది. డ్రైవరు ఇంకా ఏదో చెబుతుండగానే ఫోన్ పెట్టేశాను.

షావుకారు ముందు గదిలో దేవుడి పటానికి అగరొత్తులు గుచ్చుతున్నారు. నేను చెప్పింది మొత్తం విన్నారు. వింటూ వింటూనే కుర్చీ వెతుక్కుని కూర్చున్నారు. ఆయనకి పాతపట్నం బజారులో కిరాణా కొట్టున్న బావ ఉన్నారు. షావుకారు ఆయనకి ఫోన్ చేశారు.

"బావా, కొట్టు వదిలీసి బేగి ఎల్లు. ఆ చిక్కీలావిడ ఇంటికి. తలుపు కొట్టు, అందర్నీ బయటికి లాగీ. నువ్వు మాత్రం లోపలికి ఎల్లకు... ఎందుకేటి, సెప్తాను గానీ ముందు ఎల్లు బావా."

ఆ తరవాత ఫోన్ వచ్చేవరకూ ఎంతసేపు పట్టిందో నేను చూడలేదు. గుమస్తా గోడకి ఆనుకుని నిలబడి ఉన్నారు. నాకు పాలు పడి జాకెట్టు తడుస్తోంది. కొంగు రెండు మడతలు వేసి కప్పుకున్నాను.

ఫోన్ మోగింది. షావుకారు స్పీకరు పెట్టారు.

"తాళమేసి ఉన్నాదిరా బావా. పక్కింటోళ్ళు సెప్తన్నారు, తెల్లారగట్ల ఆటో కట్టించుకుని ఎల్లిపోనారట. ముసల్దానికీ గుంటలకీ వాంతులట. సిన్నగుంట లేవడం లేదట. అటుపక్క ఒడిశాలో ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్ళారు. నిన్న సంతలో ఏదో తిన్నారని అనుకుంటన్నారు."

అంటే ఆసుపత్రిలో కూడా అదే చెప్పి ఉంటారు. తిండి వల్ల అనుకుని వైద్యం చేస్తూ ఉంటారు.

"ఆ డాక్టరు నెంబరు కావాలి. వెంటనే" అన్నాను.

బావగారు పక్కింటివాళ్ళని అడిగి నెంబరు పంపారు. షావుకారు దాన్ని చూస్తూ ఉండిపోయారు.

"ఏటని సెప్తామమ్మా? మన కొట్టు పేరు..." అని ఆగారు.

"ఆ పిల్లకి ఏమైందో డాక్టరుకి తెలీదు బాబూ. మనకి తెలుసు."

ఆయన ఆలోచించింది అయిదారు క్షణాలే. ఆ క్షణాల్లో ఆయన ఒప్పుకోకపోతే ఫోన్ లాక్కోవాలని కూడా అనుకున్నాను. ఆయనే ఫోన్ నా చేతిలో పెట్టారు. "నువ్వే సెప్పు. ఆ మందు పేరు నాకు నోరు తిరగదు."

డాక్టరు ఒడియా యాసలో తెలుగు మాట్లాడారు. ఏ మందు, గదిలో ఎన్ని గంటలున్నారు, కిటికీలున్నాయా అని అడిగారు. మందు పేరు చెప్పాను. ఆయన ఫోన్ పెట్టెయ్యకుండానే ఎవరినో పిలిచి ఆక్సిజన్ అని గట్టిగా చెప్పారు. అడుగుల చప్పుడు వినిపించింది. ఆ తరవాత నాతో, "ఇంకా ఎవరైనా ఆ గదిలోకి వెళ్ళారా?" అని అడిగారు. లేదన్నాను. "మీరు చెప్పడం మంచిదైంది" అన్నారు. నాకు ఆ మాట చెంపదెబ్బలా తగిలింది.

బావగారికి చెప్పి ఆ గది కిటికీ బయటి నుంచే తెరిపించాం. లోపలికి ఎవరూ వెళ్ళొద్దని, బస్తాలు ముట్టుకోవద్దని చెప్పి, పక్కింటివాళ్ళని కూడా దూరంగా ఉండమన్నాం. షావుకారి కారులో ఇద్దరం ఆ ఆసుపత్రికి బయల్దేరాం. టెక్కలి దగ్గర మా అత్తయ్య ఫోన్ చేసింది.

"పిల్లడు గిన్నె మూతెట్టడం లేదు. ఎప్పుడొస్తావే?"

"ఆలస్యమవుతుంది అత్తయ్యా."

"మొదటి రోజే ఇలగైతే రేపట్నుంచి ఏటవుతాదే. ఉజ్జోగమా ఊరేగింపా?"

ఏం జరిగిందో చెప్పలేదు. చెబితే ఏడుస్తానని తెలుసు. వెనక నుంచి నా కొడుకు ఏడుపు వినిపిస్తూనే ఉంది. ఫోన్ పెట్టేశాక కూడా వినిపించింది.

పాతపట్నం దగ్గర పడ్డాక షావుకారు, తనకి తాను చెప్పుకుంటున్నట్టు, "ఏటీ అవదమ్మా. నీ చెయ్యి మంచిది" అన్నారు. ఆయన మంచికే అన్నారు. నేను కారు తలుపు తీసుకుని దిగిపోవాలనుకున్నాను.

ఆసుపత్రిలో ముసలావిడ గోడవైపు తిరిగి పడుకుని ఉంది. ఏడేళ్ళ పిల్లాడు లేచి కూర్చున్నాడు గానీ కళ్ళు వాలిపోతున్నాయి. నాలుగేళ్ళ పిల్ల మొహం మీద ఆక్సిజన్ మాస్కు. ఆ మాస్కు ఆ మొహానికి పెద్దదైపోయింది. పక్కన యంత్రం మీద గుండె చప్పుడు గీతలుగా కదులుతోంది. అది ఒకసారి వేగంగా, ఒకసారి ఆగి ఆగి కదిలింది. నేను చదువుకున్న చదువు వల్ల దాని అర్థం నాకు కొంచెం తెలుసు. తెలియకుండా ఉంటే బాగుండేది.

పిల్లల తల్లి నా వయసుదే. నన్ను కిందనుంచి పైదాకా చూసింది.

"నువ్వేనేటి ఆ చీటీలో ఉన్నదానివి?"

"నేనే."

"నాను ముందుగదిలో పడుకున్నాను. మా అత్తా గుంటలూ లోపల. వానని తలుపులేసీసాం. వాసనొస్తే ఎలక సచ్చిందేమో అనుకున్నాం. బస్తా మీద చీటీ సూసాను. పదోతరగతి సదివాను నాను. పరీక్ష చేసినవారు అని ఆడమనిషి పేరున్నాది. ఆడమనిషి సూసిందంటే జాగర్తగా సూసుంటాది, ఏటీ ఉండదని మా అత్తకి నానే సెప్పాను."

ఆమె కేకలు వెయ్యలేదు. మామూలుగానే చెప్పింది. నేను వినలేకపోయాను.

"నేను చూడలేదు. ఆ చీటీ నేను ఇవ్వలేదు" అన్నాను. ఆ మాట నోట్లోంచి రాగానే సిగ్గేసింది.

"మరెవులిచ్చారు? నీ పేరు వేరేవోళ్ళు ఎలగ రాస్తారు?"

"నా పాస్‌వర్డ్ వేరేవాళ్ళకి ఇచ్చాను. సంతకం పెట్టిన తెల్లకాగితం ఇచ్చినట్టు."

"ఎందుకిచ్చావు?"

షావుకారు నా వెనకే నిలబడి ఉన్నారు. నా చెయ్యి మంచిదని వాళ్ళు అన్నారని, ఆ మాట నాకు ఇష్టమైందని ఆమెకి ఎలా చెప్పను? తల దించుకున్నాను. ఆమె కాసేపు నా జాకెట్టు వైపు చూసింది. కొంగు దాటి తడి కనిపిస్తోంది.

"సంటిపిల్లున్నాదేటి నీకు?"

"బాబు. ఐదు నెలలు."

"అయితే ఇక్కడేటి నిలబడ్డావు" అంది. అది జాలో, కోపమో, పొమ్మనడమో నాకు ఇప్పటికీ తెలియదు. ముసలావిడ కప్పుకున్న తువ్వాలు తీసి నా చేతిలో పెట్టి, మళ్ళీ పిల్ల వైపు తిరిగింది.

నేను కదల్లేదు. మధ్యాహ్నం దాటింది. డాక్టరు మూడుసార్లు వచ్చి చూశారు. ఒక్కోసారి ఆయన మొహం చదవాలని చూశాను, చదవలేకపోయాను. సాయంత్రం అవుతుండగా ఆ పిల్ల చెయ్యెత్తి మాస్కు పక్కకి లాగేసింది. "మా, నీల్లు" అంది. తల్లి గబుక్కున మాస్కు మళ్ళీ పెట్టేసి, పెట్టాక ఏడిచింది. అంతవరకూ ఆమె ఏడవలేదు. డాక్టరు యంత్రం చూసి, గుండె దారికి వచ్చిందని, అయినా రేపటివరకూ ఇక్కడే ఉంచాలని చెప్పారు. షావుకారు గోడ పక్కకి తిరిగి కళ్ళు తుడుచుకున్నారు. నాకు కన్నీళ్ళు రాలేదు. బల్ల మీద కూర్చున్నాను.

తిరిగి వచ్చేటప్పుడు నేను షావుకారిని ఆ గది గురించి అడిగాను. కిటికీ తెరిచే ఉందని, లోపలికి ఎవరూ వెళ్ళలేదని బావగారు చెప్పారట. హడావుడిలో మీటరు ఆఫీసులోనే ఉండిపోయింది, అది లేకుండా ఆ గది బాగుందని ఎవరూ చెప్పలేరు. ఆరో సంచి ఏ రెండు బస్తాల మధ్య ఉందో ఎవరికీ తెలియదు.

మా వీధి చివర కారు ఆపి షావుకారు, "రేపు పొద్దున్న ఆపీసు తెరవాలంటే ఎలగమ్మా?" అని అడిగారు. అలవాటుగా అడిగేశారు. అడిగాక ఆయనకే తెలిసింది.

"పాస్‌వర్డ్ మార్చేశాను బాబూ, కారులోనే. రేపు నేను మీటరు తీసుకుని పాతపట్నం వెళ్తాను. మేస్త్రిని నాతో పంపండి. నేను వచ్చేవరకూ గోదాములోంచి ఒక్క బస్తా కదలకూడదు. విడుదలైన మిగతా ఏడూ కూడా మళ్ళీ చూడాలి. ఇంక ఎవరి పేరు మీద వాళ్ళే తెరవాలి."

"పొద్దున్న ఏడులోపు మంచి టైము..." అని మొదలుపెట్టి ఆగిపోయారు. "సరేనమ్మా. అలగే కానీ. మేస్త్రిని పంపుతాను, కారు కూడా పంపుతాను."

ఇంటికి రాగానే పిల్లాణ్ణి తీసుకున్నాను. వాడు తాగుతూ తాగుతూ ఎక్కిళ్ళు పెట్టాడు. వాడి వీపు మీద చెయ్యి వేసి ఊపిరి లెక్కపెడుతూ కూర్చున్నాను. అత్తయ్య కంచం తెచ్చి ముందు పెట్టి, నా మొహం చూసి, తిట్టాలనుకున్నవి తిట్టకుండా వెళ్ళిపోయింది. మా ఆయన చీపురుపల్లి నుంచి రైలు దిగి వచ్చాక ఆయనకి మొత్తం చెప్పాను. "నీ పేరు మీద కేసు పెడితే?" అన్నారు. పెట్టొచ్చు అన్నాను. రాసి ఇవ్వమంటే జరిగింది జరిగినట్టు రాసి ఇస్తాను. పాస్‌వర్డ్ ఎందుకిచ్చానో కూడా రాస్తాను. ఆమెకి చెప్పలేకపోయింది కాగితం మీదైనా ఉండాలి.

పొద్దున్న ఆసుపత్రికి ఫోన్ చేశాను. రాత్రి బాగానే గడిచిందని, మధ్యాహ్నం ముగ్గురినీ పంపేస్తామని చెప్పారు. ఫోన్ పెట్టేసరికి ఆరేళ్ళ నా కూతురు యూనిఫాం వేసుకుని జడ కోసం నా ముందు వచ్చి కూర్చుంది. తమ్ముడు పక్కన బొంత మీద కాళ్ళు ఆడిస్తున్నాడు.

"నిన్న నువ్వు లేకపోతే తమ్ముడు ఎంత ఏడిచాడో తెలుసా? ఎక్కడికెళ్ళావు?"

ఆఫీసు పని అని చెప్పవచ్చు. చెబితే నమ్ముతుంది కూడా. దువ్వెన ఆపి, దాన్ని నా వైపు తిప్పుకుని చెప్పాను.

"ఆసుపత్రికి వెళ్ళాను. పాతపట్నంలో నీకన్నా చిన్నపాప, వాళ్ళ అన్నయ్య, నానమ్మ. వాళ్ళు పడుకున్న గదిలోకి విషం గాలి వచ్చింది. మేం పంపిన బస్తాల్లోంచి వచ్చింది. అవి మంచివే అని అమ్మ పేరుతో కాగితం వెళ్ళింది. అమ్మ వాటిని చూడలేదు."

"చూడకుండా ఎందుకు రాశావు?"

"నేను రాయలేదు. నా పేరు రాసుకోమని వేరేవాళ్ళకి ఇచ్చేశాను. అది నా తప్పు."

"ఆ పాప చచ్చిపోతుందా?"

"లేదు. ఇవాళ ఇంటికి వస్తుంది. కానీ ఆ గదిలో ఇంకా విషం ఉందేమో తెలీదు. అందుకే ఇప్పుడు నేను మళ్ళీ వెళ్తున్నాను. బస్తాలన్నీ బయటికి తీయిస్తాను. ఆ సంచి దొరికేవరకూ వెతికిస్తాను. మీటరు పట్టుకుని గది అంతా నేనే చూస్తాను. సున్నా వస్తేనే వాళ్ళని లోపలికి రమ్మంటాను. రాకపోతే వాళ్ళకి ఇంకో చోట పడుకునే ఏర్పాటు చేసి వస్తాను. తమ్ముడు ఏడిస్తే నువ్వు వాడి దగ్గర కూర్చో. సాయంత్రం ఎంత ఆలస్యమైనా వచ్చి, ఆ పాప తన ఇంట్లోకి వెళ్ళిందో లేదో నీకు చెప్తాను. వెళ్ళకపోతే వెళ్ళలేదనే చెప్తాను."